పెయింటర్‌కి నాక్ ఉందట

ఆ ఇంగ్లీషు మాట షెడ్డులోకి పెద్దల్లుడి నోట్లో కూర్చుని వచ్చింది. వచ్చిన రోజు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత అదే ఇంటిల్లిపాదినీ పట్టుకుంది.

షెడ్డంటే కార్ల సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు. సందు మలుపులో, పైన రేకులు, ముందు షట్టరు, లోపల పగలూ రాత్రీ తేడా తెలియకుండా వెలిగే ట్యూబులైట్లు, గోడలు కూడా పీల్చుకున్న థిన్నరు వాసన. సొట్టలు తీసేది పెద్దల్లుడు. రంగు వేసేది చిన్నల్లుడు. అక్కని ఆయన, చెల్లిని ఈయన చేసుకుని తోడల్లుళ్లయ్యారు. షెడ్డు వెనకే ఇల్లు. కింద అత్తగారూ పెద్ద కూతురి కాపురమూ, మీద చిన్న కూతురి కాపురమూ. వీధిలో మాత్రం వాళ్లని వరసలతో ఎవరూ పిలవరు. ఆయన డెంటర్, ఈయన పెయింటర్. అంతే.

డెంటర్‌ది భారీ ఒళ్లు, సుతారమైన చెయ్యి. కళ్లు మూసుకుని, గుడ్డ చుట్టిన అరచేతిని రేకు మీద మెల్లగా పాకిస్తాడు. కంటికి ఆనని గుంట కూడా ఆ చేతికి దొరికిపోతుంది. లోపలివైపు ఇనపదిమ్మ ఆనించి, పైన సుత్తితో నిద్రపోతున్న పసిబిడ్డని జోకొట్టినట్టు తడతాడు. రేకు బుద్ధిగా యథాస్థానానికి వచ్చేస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకుని వెళ్లినవాళ్లు ఊరంతా ఉన్నారు. ఆ మాట ఆయన మర్చిపోడు, ఎవర్నీ మర్చిపోనివ్వడు.

పెయింటర్‌ది ఇంకో తీరు. గాలేస్తే ఊగే మనిషి. ఉన్న బలమంతా కళ్లలోనే ఉంది. ఎండా వానా తిని వెలిసిపోయిన కారుకి కంపెనీ డబ్బాలో రంగు తెచ్చి వేస్తే చిరిగిన చొక్కాకి కొత్త అతుకులా ఉంటుంది. ఎంత వెలిసిందో అంతే వెలిసిన రంగుని మగ్గులో పుట్టించాలి. ఈయన తెలుపు పోస్తాడు, పసుపు పోస్తాడు, పుల్లతో తిప్పుతాడు, తల పక్కకి వాల్చి చూస్తాడు. "దీనికింకా ఆకలి తీరలేదు" అంటాడు. ఇంకో చుక్క వేస్తాడు. మళ్లీ చూసి "ఆ, త్రేన్చింది" అంటాడు. అయిపోయినట్టు.

అలాగని ఆయన సాధుజీవి అనుకుంటే పొరపాటు. బడాయి ఒళ్లంతా ఉంది. పని అయ్యాక కారు తాళాలు జేబులో వేసుకుని, "ఏ తలుపు కొత్తదో చెప్పండి, ఇస్తాను" అని ఓనర్లని సతాయిస్తాడు. వాళ్లు కారు చుట్టూ ప్రదక్షిణాలు చేసి, తప్పు తలుపు చూపించి, దండం పెడితేగానీ తాళాలు బయటికి రావు. పగ పట్టడంలోనూ ఓపిక ఎక్కువే. పంక్చర్ షాపువాడు ఒకసారి ఆయన పనిని "సున్నం కొట్టడం" అన్నాడు. పెయింటర్ నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఎప్పుడో ఆ షాపు స్టూలుకి స్నేహపూర్వకంగా తెల్లరంగు వేసిపెట్టాడు. అది ఆరని రంగు. చాన్నాళ్లపాటు ఆ వీధిలో టైర్లు పంక్చరైనవాళ్లందరినీ వెనకనుంచి గుర్తుపట్టొచ్చేది.

చిన్నల్లుడు ఆ షెడ్డుకి వచ్చింది ఒక మాట మీద. పెళ్లైన కొత్తలో వేరే చోట పనిచేస్తుంటే డెంటరే పిలిచాడు. "మనవాళ్లు బయట పడి పనిచెయ్యడమేంటి తమ్ముడూ? నా దగ్గరికొచ్చెయ్. ఈ తుప్పుబోర్డు పీకి కొత్తది పెట్టిననాడు ఇద్దరి పేర్లూ వేయిద్దాం" అన్నాడు. అప్పట్నుంచీ పెయింటర్ ఎక్కడెక్కడి కార్లకో రంగులు వేశాడుగానీ ఆ తుప్పుబోర్డు మీద బ్రష్షు పెట్టలేదు. "అదలా ఉండనీ. మనది వచ్చినప్పుడు పీకుదాం" అనేవాడు భార్యతో. తలెత్తి చూసినప్పుడల్లా ఆ తుప్పు కింద తన పేరు కనపడేది ఆయనకి.

అనుకున్న కాలం రానే వచ్చింది. ఒక పెద్ద రంగుల కంపెనీ వాళ్లు ఈ షెడ్డుని తమ గుర్తింపు షెడ్డుగా చేసుకుంటామన్నారు. కొత్త బోర్డు వాళ్లే పెడతారట. ముందు హోటల్లో ట్రైనింగ్ క్లాసు, దానికి రమ్మన్నారు. డెంటర్ ఒక్కడే వెళ్లాడు. ఇద్దర్నీ పిలిచారన్న సంగతి పెయింటర్‌కి తర్వాత తెలిసింది. సాయంత్రం ఒక సంచి, ఒక టోపీ, ఒక ఇంగ్లీషు మాటతో డెంటర్ తిరిగొచ్చాడు.

అందరూ భోజనాల దగ్గర ఉండగా మొదలెట్టాడు. "అక్కడ టై కట్టుకున్నాయన ఒకడు భలే చెప్పాడత్తయ్యా. మనం అన్నిటికీ పనితనం అని ఒక్కటే మాట వాడేస్తాం. ఇంగ్లీషులో అలా కాదు. స్కిల్ వేరు, నాక్ వేరు."

"నాకేదేంటి నాయనా, అన్నం తింటూ?" అంది అత్తగారు.

"నాకేది కాదత్తయ్యా, నాక్. స్కిలంటే నేర్చుకుని, చేసి చేసి, ఇంకొకడికి నేర్పగలిగేది. నాక్ అంటే ఊరికే అబ్బేది. ఎలా అబ్బిందో వాడికే తెలీదు. ఇప్పుడు నాది స్కిల్. మన తమ్ముడిది నాక్."

"మరి మంచిదేగా? కష్టపడకుండానే వచ్చింది" అంది వదిన, మరిదికి కూర వడ్డిస్తూ.

"మంచిదే. కాకపోతే దాన్ని వెటకారానిక్కూడా వాడొచ్చట. ఫలానా వాడికి పనుందంటే మాయమయ్యే నాక్ ఉంది, అలాగన్నమాట."

"మీ మామగారి గురించి ఆయనకెలా తెలుసు?" అంది అత్తగారు.

అందరూ పడీపడీ నవ్వారు. పెయింటర్ కూడా నవ్వాడు. నవ్వుతుంటే ముద్ద గొంతుకి అడ్డం పడింది. నీళ్లు తాగి సర్దుకున్నాడు. ఇంకా కోపం రాలేదు. చిన్న నలుసు పడినట్టుంది, అంతే.

ఆ నలుసుని ఇంట్లోవాళ్లు ఊరికే ఉండనివ్వలేదు. కొత్త మాట దొరికితే ఆడవాళ్లు ఊరుకుంటారా, మగవాళ్లు మాత్రం ఊరుకుంటారా. భార్య తడి తువ్వాలు చేత్తో పట్టుకుని, "ఏమండీ, దీన్ని మంచం మీద పడెయ్యడంలో మీకు మాంచి నాక్ ఉందండీ" అంటుంది. వదిన పాలు పొంగించి, "నాకిదో నాక్" అంటుంది. అత్తగారు ఆ మాటని అందరికంటే బాగా వాడేది. పక్కింటావిడ గురించి, "అప్పడిగేటప్పుడు దగ్గే నాక్ ఉందమ్మా దానికి" అంది ఒకరోజు. ఇలా పాలు పొంగడం, తువ్వాలు పడెయ్యడం, దగ్గడం, వాటి సరసన తన రంగు కలపడం. పెయింటర్ లోపల్లోపల లెక్కేసుకుంటున్నాడు.

అప్పుడొచ్చింది బోర్డు. కాగితం చుట్టి, టెంపోలో, ఆర్భాటంగా. పెయింటరే పరుగున వెళ్లి కాగితం చింపాడు. నున్నటి నీలం మీద తెల్లటి అక్షరాలు. డెంటర్ పేరు. దాని కింద డెంటింగ్, పెయింటింగ్. దాని కింద కంపెనీ బొమ్మ. ఇంకేమీ లేదు. బోర్డు తిప్పి వెనక కూడా చూశాడు పాపం.

"అన్నయ్యా, ఇంకో పేరుండాలిగా?"

డెంటర్ నీళ్లు నమల్లేదు. అదే ఎక్కువ మండించింది. సుత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "కంపెనీవాళ్లు స్కిలున్నవాళ్ల పేరే వేస్తారు తమ్ముడూ. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంతమందున్నారో నీకు తెలుసు. నువ్వు ఒక్కడికైనా నేర్పావా?"

"ఎవడికి నేర్పాలి? అందరూ నీ దగ్గరికేగా వచ్చారు?"

"నేర్పలేవు. ఎందుకంటే నీకే తెలీదు. నీది అబ్బింది. అబ్బినదానికి కూలి ఇస్తారు, పేరు వెయ్యరు. తప్పుగా అనుకోకు."

"మరి అప్పుడు మాటిచ్చావు?"

"అప్పుడు నాకీ తేడా తెలీదుగా!"

పెయింటర్ ఆ నీలంరంగు వంక చూశాడు. అబ్బిందట! మొదట్లో ఎన్ని మగ్గుల రంగు పాడుచేసి తిట్లు తిన్నాడో, ఒక బూడిదరంగు బానెట్ ఎందుకు ఉదయం సరిపోయి మధ్యాహ్నం సరిపోలేదో తెలుసుకోడానికి తిండి మానేసి దాని చుట్టూ ఎలా తిరిగాడో, రంగు డబ్బాలన్నిటినీ తిరగేసి ఏ పసుపు ఏ వెలుగుకి ఎలా ఆడుతుందో ఎలా కనిపెట్టాడో ఈయనకేం తెలుసు? ఆ గొడవంతా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది తనే. సులువుగా చేసేస్తున్నట్టు కనపడటం బడాయికి బాగుండేది. ఇప్పుడా బడాయే మెడకి చుట్టుకుంది.

"అలాగే అన్నయ్యా, అర్థమైంది" అన్నాడు. నవ్వాడు కూడా. పంక్చర్ షాపువాడు ఆ నవ్వు చూసి ఉంటే వెంటనే స్టూలు తీసి లోపల పెట్టుకునేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే షెడ్డులో ఒక పాత కారు ఉంది. పెళ్లివాళ్లకి అద్దెకిచ్చే పొడుగాటి మీగడరంగు కారు. దాని ఓనరు కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ. వీధిలో ఆవిణ్ణి అద్దెకార్లావిడ అంటారు. కారుని కన్నబిడ్డలా చూసుకుంటుంది, కన్నబిడ్డల్ని ఎలా చూసుకుంటుందో తెలీదు. డ్రైవరు స్తంభానికి రాసెయ్యడంతో వెనక తలుపు నలిగింది. డెంటర్ దాన్ని అద్దంలా సాపు చేశాడు. టై ఆయన షెడ్డు చూసి, బోర్డు ఎక్కించి, ఫొటోలు తీసుకెళ్లడానికి వస్తున్నాడని కబురొచ్చింది. "ఈ కారు ముందు నిలబడే ఫొటో దిగుదాం. రంగు అదరగొట్టెయ్" అన్నాడు డెంటర్.

"అదరగొడతాను" అన్నాడు పెయింటర్.

మీగడరంగు కలపడం మాటలు కాదు. తెలుపులో పసుపు పడాలి, అదీ మట్టి పసుపు పడాలి. దానికి వెచ్చదనం రావడానికి ఎర్రమట్టి రంగు ఒక్క చుక్క. కలిపాక ఒక రేకుముక్క మీద పూసి, షట్టరు దాటి ఎండలోకి వెళ్లి చూసుకోవాలి. ఎందుకంటే ట్యూబులైటు మహా మొహమాటస్తురాలు. రెండు వేరువేరు రంగుల్ని కూడా ఒకటేనని ఒప్పేసుకుంటుంది. ఎండకి మొహమాటం లేదు. ఏ డబ్బాలోంచి ఏ పసుపు తీశావో మొహం మీదే చెప్పేస్తుంది. అందుకే ఏ పెయింటరైనా రేకుముక్క పట్టుకుని వాకిట్లోకి పరిగెడతాడు.

ఆ రోజు పెయింటర్ వాకిట్లోకి వెళ్లలేదు. మట్టి పసుపు డబ్బా ముట్టుకోలేదు. నిమ్మపసుపు తీశాడు. దాని పచ్చదనం ట్యూబులైటుకి కనపడకుండా నలుపు చిటికెడు, ఊదా చిటికెడు. ఎర్రమట్టి లేదు. ఆ పాత కారు మీద లైటు పడుతున్న తీరుని గమనిస్తూ, ఒక్కొక్క చుక్కే వేస్తూ, ఊపిరి బిగబట్టి కలిపాడు. సరైన రంగు కలపడానికి ఆయనకి అంత సమయం ఎప్పుడూ పట్టలేదు. దుమ్ము పడకూడదని షట్టరు దింపించి, రంగు చిమ్మే గన్ను పట్టుకుని తలుపుకి పూత మీద పూత వేశాడు. ఆరాక ట్యూబులైటు కింద నిలబడి చూసుకున్నాడు. అతుకు కాదు కదా, అనుమానం కూడా లేదు. తన పని మీద తనకే ఎంత ముద్దొచ్చిందంటే, ఇంత అందమైన మోసాన్ని మెచ్చుకునేవాడు ఒక్కడూ లేడే అని కాస్త దిగులు కూడా వేసింది.

డెంటర్ వచ్చి అరచేత్తో తలుపు నిమిరాడు. ఆయన పరీక్ష ఎప్పుడూ చేత్తోనే. "వెన్న" అన్నాడు. అంతటితో ఒప్పేసుకున్నాడు.

అనుకున్న రోజున టై ఆయన వచ్చాడు. సన్నగా, నున్నగా, ఇప్పుడే డబ్బాలోంచి తీసినట్టున్నాడు. అద్దెకార్లావిడ అంతకుముందే వచ్చి కుర్చీ వేసుకుంది. అత్తగారూ ఆడవాళ్లిద్దరూ వెనకగుమ్మంలో నిలబడ్డారు. పెయింటర్ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, పెళ్లికొచ్చిన చుట్టంలా నవ్వుతూ ఉన్నాడు.

టై ఆయన కారు చుట్టూ తిరిగాడు. "ఏ తలుపండీ చేసింది?"

"మీరే చెప్పండి!" అన్నాడు డెంటర్, తోడల్లుడి బడాయి అరువు తెచ్చుకుని.

ఆయన చెప్పలేకపోయాడు. ఆవిడా చెప్పలేకపోయింది. "నా కారు నాకే తెలియట్లేదు, చంపేశారు పొండి" అంది సంతోషంగా.

"రంగు కూడా మీరేనా?" అని అడిగాడు టై ఆయన.

డెంటర్‌కి అటు బోర్డు ఉంది, ఇటు టై ఉంది. "అంతా మన చేతి మీదేనండీ" అన్నాడు.

వెనకగుమ్మంలో పెయింటర్ భార్య మొహం మాడిపోయింది. పెయింటర్ మొహం మాత్రం వెలిగింది. డెంటర్ ఇంత బాగా తనంతట తనే వచ్చి ఉచ్చులో కాలు పెడతాడని ఆయన కూడా అనుకోలేదు.

"అయితే ఫొటో బయట తీసుకుందాం. బోర్డు కూడా పడాలి" అన్నాడు టై ఆయన. షట్టరు పూర్తిగా లేపారు. కారుని అందరూ తోస్తే చల్లగా జారుకుంటూ వీధిలోకి వెళ్లి, నడినెత్తి ఎండలో నిలబడింది.

మొదట చూసింది అద్దెకార్లావిడే. చూసి కళ్లజోడు తీసింది. తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

"ఇదేంటి? నా తలుపుకి కామెర్లొచ్చాయి!"

వెచ్చటి మీగడరంగు కారు మధ్యలో ఆ తలుపొక్కటీ పాలిపోయి, పచ్చబడి, పాచిపట్టిన గోడలా ఉంది. దారిన పోయేవాళ్లు ఆగారు. పంక్చర్ షాపువాడు చేతిలో పని వదిలేసి మరీ వచ్చాడు.

"పెళ్లికూతుళ్లు ఎక్కే కారయ్యా ఇది! ఇందులోంచి దిగిందంటే పిల్లకేదో జబ్బుందనుకుంటారు!" ఆవిడ గొంతు సందంతా వినపడింది.

డెంటర్ వెళ్లి అరచేత్తో తలుపు తడిమాడు. నున్నగానే ఉంది. ఆ చెయ్యి ఆయనకి మొదటిసారి దగా చేసింది. టై ఆయన వైపు తిరిగితే, ఆయన అప్పటికే చేతిగడియారం చూసుకుంటున్నాడు.

ఇదీ పెయింటర్ ఎదురుచూసిన క్షణం. ఆ బుగ్గలు ఎర్రబడటం, ఆ భారీ మనిషి గుటకలు మింగడం, అన్నీ తనివితీరా చూశాడు. కడుపు చల్లబడింది. అక్కడితో ఇంటికెళ్లి పడుకున్నా సరిపోయేది.

కానీ డెంటర్ గొంతు సవరించుకుని, "అంటే... రంగు కలిపింది మా తమ్ముడండీ" అన్నాడు.

"మొన్న క్లాసులో చెప్పారే, నాక్ ఉందని, ఆయనేనా?" అని టై ఆయన తేలిగ్గా నవ్వేశాడు. "అయితే ఫర్వాలేదండీ. అలాంటివాళ్లకి ఇలాంటి రోజులు వస్తుంటాయి. ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. పాపం ఆయన తప్పేం లేదు. మళ్లీ వేయిస్తే పోలా?"

డెంటర్ ప్రాణం లేచొచ్చింది. దగ్గరికొచ్చి, పెయింటర్ భుజం మీద చెయ్యేశాడు. మనసారానే వేశాడు, అదే దౌర్భాగ్యం. "పోన్లే తమ్ముడూ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దిగులు పెట్టుకోకు."

"అంతేనయ్యా, పోనీలే, మళ్లీ వెయ్యి" అంది అద్దెకార్లావిడ కూడా మెత్తబడి.

అందరూ జాలిగా చూస్తున్నారు. పంక్చర్ షాపువాడు కూడా. వాడి జాలే ఎక్కువ గుచ్చుకుంది. పెయింటర్ చెవులు వేడెక్కాయి. తిట్టి ఉంటే సంతోషించేవాడు. గెంటేసినా నవ్వుకుంటూ పోయేవాడు. క్షమించేశారు! ఊపిరి బిగబట్టి, నరాలు తెగేలా కలిపిన రంగుని చెయ్యి జారిన పాలగిన్నెతో సమానం చేసేశారు.

"పొరపాటా?" అన్నాడు.

"పోన్లేవోయ్..."

"పొరపాటంటావా నా పనిని? తొయ్యండి కారు లోపలికి!"

"ఏమండీ, ఊరుకోండి" అంది భార్య. ఆవిడకి ఏదో అర్థమైపోయింది.

"తొయ్యండంటే!"

ఆ గొంతుకి అందరూ కారు వెనక చేరారు. టై ఆయన టైని భుజం మీదకి వేసుకుని మరీ తోశాడు. కారు లోపలికెళ్లింది. ట్యూబులైటు కింద పచ్చదనం మాయం. తలుపు మిగతా ఒంట్లో కలిసిపోయింది. "ఇప్పుడు బయటికి!" బయటికి తోశారు. పచ్చగా పళ్లికిలించింది. "లోపలికి!" మళ్లీ మీగడ. "బయటికి!"

"చాల్లే నాయనా, కారుకి కళ్లు తిరుగుతాయి" అంది అత్తగారు.

పెయింటర్ ఆగలేదు. చేతులు తిప్పుతూ, రొప్పుతూ చెప్పుకుపోతున్నాడు. "నిమ్మపసుపు వేశాను. ఎర్రమట్టి వెయ్యలేదు. నలుపుతో పచ్చదనం నొక్కి, ఊదాతో సర్దాను. లోపల ఒక రంగు, బయట ఒక రంగు, ఒకే మగ్గులో! ఇది పొరపాటున అవుతుందా? అబ్బుతుందా? నిద్రలేచేసరికి వచ్చేస్తుందా? ఎవడైనా కలపండి చూస్తాను!"

మాట పూర్తయ్యాక తను ఏం చెప్పాడో తనకి వినపడింది.

అద్దెకార్లావిడ ముందుకొచ్చింది. "అంటే తెలిసే చేశావా? నా కారుకి?"

ఆవిడ గురించి ఆయన అసలు ఆలోచించలేదు. పగ పట్టినప్పుడు ఆ కారు డెంటర్‌దే అన్నట్టు ఉంది ఆయన బుర్రలో.

డెంటర్ కారు వెనకనుంచి ఇవతలికి వచ్చాడు. తలుపు దగ్గరికెళ్లి, ఈసారి కళ్లు తెరిచి, చాలాసేపు చూశాడు. తిరిగొచ్చేసరికి మొహంలో కోపం లేదు. కోపం కంటే చల్లటిదేదో ఉంది.

"లేదు. ఇది నాక్ కాదు" అన్నాడు టై ఆయనతో. "నేను తప్పు చెప్పానండీ. ఇది స్కిల్. ఎన్నాళ్లో నేర్చుకోకపోతే ఇంత సరిగ్గా తప్పు చెయ్యడం ఎవడివల్లా కాదు." తర్వాత పెయింటర్ వైపు చెయ్యి చాచాడు. "షెడ్డు తాళం ఇవ్వు."

"అన్నయ్యా..."

"నాక్ ఉన్నవాణ్ణయితే ఇంట్లో పెట్టుకునేవాణ్ణి. వాడు తప్పు చేస్తే తెలీక చేశాడనుకోవచ్చు. నీతో ఆ సుఖం లేదు. తాళం."

పెయింటర్ తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. కోరుకున్న మాట, కోరుకున్న నోట్లోంచి, నలుగురి ముందూ వచ్చింది. అది చేతికందిన తీరుకి ఏం చెయ్యాలో తెలీక, గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

టై ఆయన ఫొటోల మాట ఎత్తకుండా మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. అద్దెకార్లావిడ మాత్రం కదల్లేదు. "ఎవడి గొడవ వాడిది. నా తలుపు నాకు కావాలి. సాయంత్రానికల్లా. ఎవరు వేస్తారు?"

"నేను వేస్తాను" అన్నాడు డెంటర్.

పెయింటర్ రోడ్డు దాటి, ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. పోదామని లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కాళ్లు ఇంటికి రాలేదు. అవతల డెంటర్ చొక్కా విప్పి, మగ్గులూ డబ్బాలూ ఎండలో పరిచాడు. తెలుపు పోశాడు. పసుపు పోశాడు. ఆ పెద్ద చేతుల్లో పుల్ల అగ్గిపుల్లలా ఉంది. రేకుముక్క మీద పూసి, కారు ముందు తలుపు పక్కన పెట్టి చూశాడు. తెల్లగా ఉంది. ఇంకో మగ్గు. బాగా పసుపు. ఇంకోటి.

"చూడు, చూడు" అన్నాడు పెయింటర్ టీ కొట్టువాడితో, పళ్లు బయటపెట్టి. "దానికి అజీర్తి చేసింది. అన్నీ కుక్కేస్తున్నాడు."

టీ కొట్టువాడు నవ్వలేదు. కాసేపటికి పెయింటర్ భార్య వచ్చి పక్కన నిలబడింది. కూర్చోలేదు.

"బావకి రాదు. మీకు తెలుసు."

"తెలుసు. బోర్డు మీద పేరుందిగా, వేసుకోనీ."

"ఆ కారావిడేం చేసింది మిమ్మల్ని?"

ఆయన టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. టీ చల్లారిపోయింది. అవతల డెంటర్ కొత్త మగ్గు మొదలెట్టాడు. ఈసారి తెలుపులో మట్టి పసుపు చాలా జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా వేశాడు. రేకు మీద పూసి ముందు తలుపు పక్కన పెట్టాడు. పెయింటర్ తనకి తెలీకుండానే బెంచీ మీంచి సగం లేచాడు. దగ్గరికొచ్చేసింది. ఒక్క చుక్క! వెచ్చదనం తక్కువైంది. దానికి ఇంకా ఆకలిగానే ఉంది. ఆ ఒక్క చుక్కా వేస్తే త్రేన్చేస్తుంది. డెంటర్ డబ్బాల వంక అయోమయంగా చూస్తున్నాడు. చెయ్యి నలుపు మీదకి వెళ్లింది. నలుపు పడితే మొత్తం పోతుంది.

పెయింటర్ నాలుక కరుచుకున్నాడు. కరుచుకున్నా ఆగలేదు.

"ఎర్రమట్టి!" అని రోడ్డవతలికి అరిచాడు. "అన్నయ్యా, ఎర్రమట్టి ఒక్క చుక్క! అంతే, అయిపోయింది!"

డెంటర్ తలెత్తి ఆయన్ని చూశాడు. మధ్యలో వాహనాలు వెళ్తున్నా కదలకుండా చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, ఎర్రమట్టి రంగు డబ్బా తీసుకున్నాడు. పెయింటర్ ఊపిరి వదిలాడు.

డెంటర్ ఆ డబ్బా మూత సరిగ్గా పెట్టి, సుత్తితో చుట్టూ తట్టి బిగించి, షెడ్డులోకి తీసుకెళ్లి, ఎవరి చేతికీ అందనంత పై అరలో పెట్టేశాడు. తిరిగొచ్చి, నలుపు డబ్బా మూత తీశాడు.

"నిజంగానే చెప్పాను!" అన్నాడు పెయింటర్. భార్య వైపు తిరిగాడు. "ఒట్టు. నిజంగానే చెప్పాను."

ఆవిడ కూడా ఆయన మొహంలోకి చూసింది, నమ్మాలా వద్దా అన్నట్టు.